మత్తు సూదికి ముందు ఒక్క ప్రశ్న: వరంగల్ ఐసీయూలకు బహిరంగ లేఖ

వరంగల్, హనుమకొండ ఆసుపత్రుల సూపరింటెండెంట్లకు, ఐసీయూ డాక్టర్లకు, సిస్టర్లకు, వార్డుల్లో పనిచేసే అందరికీ నమస్కారం.

వెంటిలేటర్ మీద ఉన్న మనిషి కాళ్లు కొట్టుకుంటున్నా, చేయి మాటిమాటికీ గొట్టం వైపు పోతున్నా, మంచం కడ్డీని ఆపకుండా తడుతున్నా, మత్తు మందు పెంచే ముందు ఏం కావాలని ఆ మనిషిని ఒక్కసారి అడగండి. నేను అడిగేది ఇదే. అడిగితే జవాబు చెప్పే దారి కూడా ప్రతి వెంటిలేటర్ మంచం దగ్గర ఉండాలి. సెలైన్ స్టాండు ఎలా ఉంటుందో అలా. ఎవరో మంచి మనసున్న సిస్టర్ డ్యూటీలో ఉన్న పూట జరిగే పనిలా కాకుండా, చికిత్సలో భాగంగా ఉండాలి.

నేను హనుమకొండలో బడి పిల్లలకు తెలుగు చెప్పే టీచర్‌ని. మా తమ్ముడికి జీబీఎస్ అనే నరాల జబ్బు వచ్చింది. కాళ్లలో మొదలైన చచ్చుదనం నడుము దాటి ఛాతీదాకా పాకి, ఊపిరి తీసుకోలేని స్థితికి తెచ్చింది, నగరంలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో వెంటిలేటర్ పెట్టారు. ఆ ఆసుపత్రి పేరు రాయను. వాళ్లు మా తమ్ముడి ప్రాణం నిలబెట్టారు, ఆ కృతజ్ఞత నాకు ఎప్పటికీ ఉంటుంది, పైగా నేను చెప్పే లోపం ఆ ఒక్క చోటిదే కాదు. జీబీఎస్‌లో మనిషి మెదడుకు ఏమీ కాదు. అన్నీ వినిపిస్తాయి, అన్నీ అర్థమవుతాయి, నరాలు దెబ్బతిని ఉంటాయి కాబట్టి నొప్పులు కూడా చాలామందికి తీవ్రంగా ఉంటాయి. కానీ చేయి లేవదు, వేలు కదలదు, గొట్టం వల్ల గొంతు రాదు.

గొంతు ఎందుకు రాదో మీకు నేను చెప్పక్కర్లేదు, కానీ ఈ లేఖ రోగుల ఇంటివాళ్లు కూడా చదువుతారని రాస్తున్నాను. నోట్లోంచి వేసే గొట్టం స్వరతంత్రుల మధ్య నుంచి శ్వాసనాళంలోకి దిగుతుంది, దాని చివర చిన్న బుడగ లాంటిది ఉబ్బించి గాలి పక్కల నుంచి పోకుండా మూస్తారు. గాలంతా గొట్టంలోంచే వచ్చిపోతుంటే తంత్రులు ఎలా మోగుతాయి? మెడ దగ్గర చిన్న కోత పెట్టి వేసే ట్రకియాస్టమీ గొట్టం అయితే తంత్రులకు కిందే ఉంటుంది, అక్కడా అదే సమస్య. గొట్టం తీశాక చాలామందికి గొంతు తిరిగి వస్తుంది, కొన్ని రోజులు బొంగురుగా ఉంటుంది. ఈ మాట రోగికి ఎవరూ చెప్పరు! కళ్లు తెరిచేసరికి నోట్లో గొట్టం, ఎంత అరిచినా శబ్దం రాదు, ఇక జన్మలో మాట రాదేమో అని ఆ మనిషి పడే భయం ఎంతటిదో ఆలోచించండి. గుండె ఆపరేషన్ లాంటి ముందే తెలిసిన వాటికైతే ముందు రోజే చెప్పవచ్చు కదా, "రేపు మెలకువ వచ్చేసరికి నోట్లో గొట్టం ఉంటుంది, మాట రాదు, గొట్టం తీస్తే వస్తుంది, నొప్పి ఉంటే బొటనవేలు ఇట్లా ఎత్తు" అని. ఎంతసేపు పడుతుంది అది చెప్పడానికి?

మా తమ్ముడి సంగతి. ఒక రాత్రి మానిటర్ మీద గుండె వేగం పెరుగుతూ పోయింది, చెమటలు, కళ్లలోంచి నీళ్లు. జీబీఎస్‌లో గుండె వేగం, బీపీ వాటంతట అవే ఎగుడుదిగుడు అవుతాయి కాబట్టి డాక్టర్లు జబ్బు వల్లే అనుకున్నారు, అలా అనుకోవడంలో తప్పు లేదు. మత్తు ఇచ్చారు. మెలకువ వచ్చాక మళ్లీ అదే. అప్పటికి వాడికి కనురెప్పలు, కనుగుడ్లు మాత్రం కదులుతున్నాయి. పొద్దున నన్ను లోపలికి వదిలినప్పుడు నోట్‌బుక్ కాగితం మీద క, చ, ట, త, ప వర్గాలు వరుసగా రాసి, కింద య ర ల వ, ఆ కింద మిగతావి రాసి, ఒక్కో వరుస పైకి చదువుతూ పోయాను, కావాల్సిన వరుస రాగానే, ఆ తర్వాత అందులో కావాల్సిన అక్షరం రాగానే కళ్లు గట్టిగా మూయమన్నాను. 'చ' వచ్చింది. తర్వాత 'వ'. పక్కనున్న మా బాబాయి ఏడుపు మొదలుపెట్టాడు, చావు గురించి చెప్తున్నాడని. చెవా అని అడిగాను. కళ్లు గట్టిగా మూశాడు. పక్కకు తిప్పి పడుకోబెట్టినప్పుడు చెవి మడతపడి తల కింద నలిగిపోయి ఉంది, ఎర్రగా కమిలిపోయింది. చెవి సరిచేసి దిండు మార్చారు. కాసేపటికి గుండె వేగం దిగింది.

గుణింతాలు, ఒత్తులు ఏవీ అక్కర్లేదని నాకు అప్పుడే తెలిసింది. తెలుగులో అక్షరాలన్నీ బోర్డు మీద పెడితే ఎవరూ వాడలేరు, కానీ మన హల్లులు చిన్నప్పుడు నేర్చుకునేటప్పుడే అయిదేసి చొప్పున వరుసల్లో ఉన్నాయి, ఆ వరుసలు బడికి పోయిన ప్రతి మనిషికీ నోటికి వచ్చు. 'న, ళ' అంటే నీళ్లు. 'క, ల' అంటే కాలు కావచ్చు, కల కావచ్చు, అందుకే ఊహించినదాన్ని తప్పకుండా తిరిగి అడగాలి, అవునంటేనే పట్టుకోవాలి. స్టీఫెన్ హాకింగ్‌కు 1985లో న్యుమోనియా వచ్చి ట్రకియాస్టమీ చేశాక మాట పోయింది. కంప్యూటర్ రాకముందు ఆయన కూడా ఇలాగే, అక్షరాల అట్ట మీద ఎదుటివాళ్లు వేలు పెడుతుంటే సరైన అక్షరం దగ్గర కనుబొమ్మ ఎత్తి మాటలు కూర్చుకున్నారు.

జీబీఎస్ అరుదు కదా అంటారేమో. మన దగ్గర వెంటిలేటర్ ఎక్కేవాళ్లు ఎవరో మీకే బాగా తెలుసు. వానాకాలం వస్తే ములుగు, భూపాలపల్లి, నర్సంపేట వైపు నుంచి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి పాము కాటు కేసులు వస్తూనే ఉంటాయి. కట్లపాము కాటేస్తే పెద్దగా నొప్పి కూడా ఉండదు, నేల మీద పడుకున్న మనిషిని రాత్రిపూట కాటేస్తుంది, తెల్లారేసరికి కడుపు నొప్పి, రెప్పలు వాలిపోవడం, ఆ తర్వాత ఊపిరి కండరాలు పడిపోవడం. ఆ మనిషి రెప్పలు ఎత్తలేడు, వేలు కదపలేడు, ఒక్కోసారి కనుపాపలు కూడా వెలుతురుకు స్పందించవు, చూసేవాళ్లకు ప్రాణం పోయినట్టే ఉంటుంది. కానీ లోపల తెలివి ఉంటుంది, చెవులు వింటుంటాయి. ఊపిరి అందిస్తూ ఉంటే చాలామంది కోలుకుంటారు కూడా. అలాంటి మంచం పక్కన నిలబడి "ఇగ ఆశ లేదు, ఇంటికి తీస్కపోండ్రి" అని మాట్లాడడం, డబ్బుల గొడవ పెట్టుకోవడం ఎంత ఘోరం! దయచేసి పాము కాటు మనిషి రెప్పను వేలితో మెల్లగా ఎత్తి, "నీకు విషం వల్ల కండరాలు పనిచేస్తలేవు, తగ్గుతది, నీ వాళ్లు బయటనే ఉన్నరు" అని చెప్పండి, కనుగుడ్డు ఏమైనా కదులుతుందేమో, కాలి వేలు ఏమైనా కదులుతుందేమో చూడండి. ఏ చిన్న కదలిక మిగిలినా దాన్నే అవును, కాదు చేసుకోవచ్చు.

ఇంకో రకం వాళ్లున్నారు, వాళ్ల గురించి రాయడం కష్టంగా ఉంది కానీ రాయాలి. పత్తి పోయి, అప్పు మీద పడి, ఇంట్లో గొడవై పురుగుల మందు తాగినవాళ్లు. మొదటి గండం గట్టెక్కి, కొంచెం తేరుకున్నాడు అనుకున్నాక, ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మెడ ఎత్తలేకపోవడం, ఊపిరి కండరాలు బలహీనపడి వెంటిలేటర్ అవసరం కావడం ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుల మందులతో జరుగుతుంది. అప్పుడు చాలామంది పూర్తి స్పృహలోనే ఉంటారు. విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ వల్ల నోరు, గొంతు పిడచకట్టుకుపోతాయి. దూపతో అల్లాడిపోతుంటే అది చెప్పడానికి దారి లేదు. తడి గాజుగుడ్డతో పెదవులు తడిపితే, డాక్టర్ ఒప్పుకుంటే నోరు తుడిస్తే ఎంతో ఊరట. చూడటానికి వచ్చిన ప్రతివాడూ మంచం దగ్గర "ఎందుకు తాగినవురా" అని నిలదీయడం మాత్రం ఆపండి, జవాబు చెప్పలేని మనిషిని ఆ ప్రశ్న అడగడం హింస. ఆయన చెప్పాలనుకునేది వేరే ఏదో ఉంటుంది. పిల్లలు ఎవరి దగ్గర ఉన్నారు అన్నదే కావచ్చు. అది అడగనివ్వండి ఆయన్ని.

మత్తు గురించి మీకు తెలియనిది నేను చెప్పబోవడం లేదు. వెంటిలేటర్ మీదున్న పెద్దవాళ్లకు వీలైనంత తేలిక మత్తు మంచిదని అమెరికా క్రిటికల్ కేర్ మెడిసిన్ సొసైటీ 2018 మార్గదర్శకాల్లో ఉంది, మన డాక్టర్లూ చాలామంది ఇప్పుడు అదే దారిలో పోతున్నారు. మంచిదే. కానీ మత్తు తగ్గించారంటే మెలకువతో గొట్టం భరించే మనిషి మంచం మీద ఉన్నాడు అని అర్థం. మెలకువ ఇచ్చి మాట ఇవ్వకపోతే ఎట్లా? చేతులు కట్టేస్తారు, గొట్టం పీక్కుంటాడని. ఆ భయం నిజమే, గొట్టం ఊడితే ప్రాణం మీదికి వస్తుంది, నేను కాదనను. కానీ కట్టిన చేతులతో సైగ చేయలేడు, రాయలేడు, దురద పుట్టిన చోట గోక్కోలేడు, దాంతో ఇంకా గింజుకుంటాడు, గింజుకుంటున్నాడని మళ్లీ సూది. పక్కన మనిషి కూర్చున్న కాసేపైనా ఒక చేయి విప్పి పట్టుకోనివ్వండి.

నిజంగా మతి చెదిరిందా లేక ఏదో చెప్పాలని గింజుకుంటున్నాడా అని తేల్చడానికి మాట అక్కర్లేని పరీక్ష కూడా ఉంది. వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ డాక్టర్లు 2001లో తెచ్చిన క్యామ్ ఐసీయూ పద్ధతిలో, రోగి చేయి పట్టుకుని అక్షరాలు ఒక్కొక్కటే చదువుతూ ఫలానా అక్షరం వినిపిస్తే నొక్కు అంటారు, రాయి నీళ్ల మీద తేలుతుందా, సముద్రంలో చేపలుంటాయా అని అడుగుతారు. అవును, కాదు చాలు. ఇది మన ఐసీయూల్లో రోజూ ప్రతి షిఫ్టులో జరగాలని నా కోరిక. అలాగే ఇంట్లో కళ్లద్దాలు, చెవి మిషన్ వాడే ముసలివాళ్లకు వాటిని ఐసీయూలో కూడా పెట్టండి. అడ్మిషన్ రోజే వస్తువులన్నీ కవర్లో వేసి ఇంటివాళ్ల చేతికి ఇస్తారు, అద్దాలు లేని మనిషికి ఏ బోర్డు చూపించి ఏం లాభం?

ఇక బోర్డు ఎలా ఉండాలి. ఇంటర్నెట్‌లో దొరికే ఇంగ్లీషు బొమ్మల చార్టు ప్రింటు తీసి గోడకు అతికిస్తే సరిపోదు. మన మనుషులు ఎలా చెప్తారో అలా ఉండాలి. దూప అయితుంది. దమ్ము ఆడుతలేదు. తెమడ ఉంది, తియ్యాలె. ఇది చాలా ముఖ్యం, గొట్టంలో తెమడ అడ్డం పడ్డట్టు మీ కంటే ముందు రోగికే తెలుస్తుంది. నొస్తుంది, ఎక్కడ నొస్తుందో వేలు పెట్టడానికి ముందు వైపు, వెనక వైపు మనిషి బొమ్మ. పక్కకు మలపండి. సలి పెడుతుంది. ఉడక పోస్తుంది. జిల పెడుతుంది. భయమైతుంది. మా వాళ్లు ఏరి. ఇవ్వాళ ఏ రోజు, పగలా రాత్రా. ప్రార్థన చేసుకోవాలి. చివరగా "ఇందులో లేదు, వేరేది" అనే గడి ఒకటి కచ్చితంగా ఉండాలి, లేకపోతే బోర్డులో ఉన్నవాటికే రోగి లొంగిపోవాల్సి వస్తుంది. ప్రతి మాట పక్కన బొమ్మ ఉండాలి, ఎందుకంటే మన దగ్గరికి వచ్చే పెద్దవాళ్లలో చదువు రానివాళ్లు ఎందరో. ఏటూరునాగారం, తాడ్వాయి నుంచి వచ్చే కోయ వాళ్లున్నారు, మహబూబాబాద్ తండాల నుంచి వచ్చే లంబాడీ అవ్వలున్నారు, ఉర్దూ మాట్లాడేవాళ్లున్నారు. వాళ్ల మాటలు ఒక అట్ట వెనక తెలుగు లిపిలో రాసి పెట్టుకుంటే సిస్టర్ చదివి వినిపించవచ్చు. ఆలిండియా కోటాలో వేరే రాష్ట్రాల నుంచి వచ్చే పీజీ డాక్టర్లకు కూడా ఈ అట్టలే ఆసరా అవుతాయి.

నొప్పి ఎంత అని సున్నా నుంచి పది దాకా అడుగుతారు కదా, మా అమ్మ తరం వాళ్లకు అది ఎక్కదు. రూపాయికి ఎంత అని అడిగి చూడండి. పావలానా, అర్ధరూపాయా, ముప్పావలా, నిండు రూపాయా? నాలుగు వేళ్లలో ఎన్ని ఎత్తాలో ఏ ముసలమ్మకైనా తెలుసు. తగ్గిందా అంటే పావలా వంతు తగ్గింది అని మన ఊళ్లలో ఎప్పుడూ అనే మాటే కదా.

అవును, కాదులకు తల ఊపమని మాత్రం చెప్పకండి. మనవాళ్లు తల ఊపితే అది అవునో కాదో సరేనో బయటివాళ్లకు అర్థం కాదు, పైగా నోట్లో గొట్టం ఉన్న మనిషి తల ఊపితే గొట్టం కదిలి గొంతు గీసుకుంటుంది. చేయి ఆడితే బొటనవేలు పైకి, కిందికి. చేయి ఆడకపోతే కళ్లు గట్టిగా మూసి ఉంచితే అవును, పైకి చూస్తే కాదు. మామూలుగా పడే రెప్పను జవాబు అనుకోవద్దు. ఒక్కసారి ఒక్క ప్రశ్నే అడగాలి. "నొప్పా, దూపా, పక్కకు తిరగాల్నా" అని కలిపి అడిగితే అవునన్నా దేనికి అవునో తెలియదు. అడిగాక ఆగాలి, బలహీనంగా ఉన్న మనిషికి రెప్ప మూయడానికే టైం పడుతుంది. గట్టిగా అరవాల్సిన పని లేదు, మాట రానివాళ్లంతా చెవిటివాళ్లు కాదు. రాయగలిగినవాళ్లకు పరీక్ష ప్యాడ్, లావు స్కెచ్ పెన్ను ఇచ్చి, తల వైపు మంచం ఎత్తి, ప్యాడ్ ఎవరైనా పట్టుకోవాలి. కుదిరితే సెలైన్ సూది రాసే చేతికి కాకుండా రెండో చేతికి పెట్టండి. కుడిచేతి వాటమా, ఎడమచేతి వాటమా అన్న ప్రశ్న అడ్మిషన్ కాగితంలో చేరిస్తే చాలు. చిన్నపిల్లల పలక కూడా బాగానే పనిచేస్తుంది. అట్టలు లామినేషన్ చేయించి మంచానికి ఒకటి చొప్పున పెట్టి, శానిటైజర్‌తో తుడిస్తే ఒకరి నుంచి ఒకరికి ఇన్‌ఫెక్షన్ పాకే భయం తగ్గుతుంది.

మా తమ్ముడి దగ్గర పనిచేసిన సిస్టర్ ఒకామె ఎంత మంచిదో చెప్పలేను, రెప్పల భాష ఆమె తనంతట తానే కనిపెట్టి వాడితో మాట్లాడేది. ఆమె డ్యూటీ దిగగానే ఆ భాష ఆమెతోపాటే పోయేది. తర్వాత షిఫ్టు వాళ్లకు తెలియదు, కేస్ షీటులో ఎక్కడా లేదు. మందు డోసు హ్యాండోవర్‌లో చెప్పుకున్నట్టే ఇది కూడా చెప్పుకోవాలి, మంచం తల దగ్గర పెద్ద అక్షరాలతో అతికించాలి: "కళ్లు గట్టిగా మూస్తే అవును. పైకి చూస్తే కాదు. ఎడమ చెవి సరిగా వినపడదు." అంతే.

టైం ఎక్కడిది అంటారని తెలుసు. ఒక్కో సిస్టర్ ఎన్ని మంచాలు చూస్తుందో, మధ్యలో ఎవరికైనా గుండె ఆగి కోడ్ బ్లూ వస్తే పరిస్థితి ఏమిటో కళ్లారా చూశాను. సిబ్బందిని పెంచమని ప్రభుత్వాన్ని అడగాల్సిందే, ఆ మాట అడిగేటప్పుడు మేం మీ వెనక ఉంటాం. కానీ ఐసీయూ తలుపు బయట వరండాలో చాప పరుచుకుని మేం పగలూ రాత్రీ ఖాళీగానే కూర్చుంటాం. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి అయిదు నిమిషాలు చూసి రమ్మనే బదులు, చేతులు కడిగించి, మాస్కు వేయించి, ఇంట్లోంచి ఒక్క మనిషిని రోజుకు కాసేపు బోర్డు పట్టుకుని కూర్చోనివ్వండి. ఆ మనిషి ఏ సైగకు ఏం అర్థమో మాకు తెలుసు, తెలుసుకున్నది మీకు చెప్తాం.

సంతకాల దగ్గర కూడా ఇదే గొడవ. ట్రకియాస్టమీ చేయాలంటే కాగితం మీద నా సంతకం తీసుకున్నారు. పక్క గదిలో మెలకువతో, పూర్తి తెలివితో ఉన్న మనిషి మెడ అది! నా సంతకం తీసుకోండి, కానీ వాడికి కూడా చెప్పి, రెప్పతో అవును అనిపించుకున్నాకే చేయాల్సింది. జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో చికిత్సకు ముందు సమ్మతి తీసుకోవాలని ఉంది, నోరు పనిచేస్తేనే అని అందులో లేదు.

ట్రకియాస్టమీ అయ్యాక కొంతమందికి మాట్లాడించే వాల్వు పెట్టవచ్చు. గాలి లోపలికి గొట్టంలోంచి పోయి, బయటికి తంత్రుల మీదుగా వచ్చేలా చేసే ఒకవైపు వాల్వు అది. దాన్ని 1980లలో తయారుచేసింది డేవిడ్ మ్యూర్ అనే ఆయన, తానే కండరాల క్షీణత జబ్బుతో వెంటిలేటర్ మీద బతికిన మనిషి, మాట కోసం ఆయనే దారి వెతికాడు. అందరికీ కుదరదు, గొట్టం చివరి బుడగలో (కఫ్) గాలి పూర్తిగా తీయకుండా పెడితే ఊపిరి బయటికి రాక ప్రమాదం, అందుకే డాక్టర్ చూసి, స్పీచ్ థెరపిస్ట్ పక్కన ఉండి చేయాల్సిన పని. మన దగ్గర స్పీచ్ థెరపిస్ట్ అంటే మాటలు ఆలస్యమైన చిన్నపిల్లలకే అనుకుంటాం. పెద్ద ఐసీయూకు వారానికి కొన్ని గంటలైనా ఒకరు రావాలి. సికింద్రాబాద్‌లో మాట, వినికిడి లోపాల మీద పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఈ చదువు చెప్తుంది, అక్కడ చదివినవాళ్లు మన జిల్లాలకు రాలేరా?

కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం వారికి కూడా ఒక మాట. మీరు వరంగల్‌లోనే ఉన్నారు. జనం మాట్లాడే భాష కోసం జీవితమంతా నిలబడ్డ మనిషి పేరు పెట్టుకున్నారు, ఆయన పుట్టిన సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. మాట రాని రోగితో మాట్లాడడం ఎట్లా అన్నది మీ విద్యార్థులకు ప్రాక్టికల్‌గా నేర్పండి. నోరు తెరవకుండా, చేతులు కదపకుండా ఒక విద్యార్థి మంచం మీద పడుకోవాలి, ఇంకో విద్యార్థి వాడికి ఎక్కడ నొస్తుందో కనుక్కోవాలి. ఒక్కసారి అలా పడుకున్నవాళ్లు ఆ పూట మర్చిపోరు.

నా వంతుగా, మా బడిలో డ్రాయింగ్ సారు, ఇంకో ఇద్దరు టీచర్లు, నేను కలిసి ఈ బోర్డు గీయడం మొదలుపెట్టాం. ముందు వైపు బొమ్మలు, వెనక వైపు వర్గాల వరుసలు, కింద అవును కాదు గుర్తులు. హనుమకొండలో లామినేషన్ చేయించి తెచ్చిస్తాం, డబ్బులు అక్కర్లేదు. మీలో ఏ ఒక్క ఐసీయూ ముందుకొచ్చినా చాలు, ముందు అక్కడే పెడదాం. కోయ, లంబాడీ మాటలు సరిచూసే వాళ్లు మీ సిబ్బందిలోనే ఉండి ఉంటారు, వాళ్లను మాకు కలపండి. నెల తర్వాత ఏ బొమ్మ ఎవరికీ అర్థం కాలేదో, ఏ మాట రోగులు ఎక్కువసార్లు వెతికినా దొరకలేదో సిస్టర్లను అడిగి రాసి పెట్టండి, అవి మార్చి మళ్లీ గీసి ఇస్తాం.